ఎలుగుబంటి పొట్లం ఇంటికొస్తే

పోయిన నవంబరులో ఒక కుర్రాడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. అమెరికా వచ్చి మూడు నెలలే అయింది. పెన్సిల్వేనియాలో, పిట్స్‌బర్గ్‌కు ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం. "అన్నా, మా ఫోర్‌మన్ ఎలుగుబంటి మాంసం ఇచ్చాడు. ఫ్రీజర్‌లో పెట్టా. తినొచ్చా? పారేద్దామంటే రేపు ఎలా ఉందని అడుగుతాడేమో, అదో టెన్షన్."

నాకు నవ్వొచ్చింది. 2003లో ఇదే రాష్ట్రంలో, ఇదే నెలలో, నా చేతిలోనూ ఒక పొట్లం పడింది. తెల్లకాగితం చుట్టి, దాని మీద మార్కర్‌తో 'బేర్, రోస్ట్' అని రాసి ఉంది. బేర్ అనేది మాంసం అమ్మే కంపెనీ పేరనుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ చదివి, "ఎలుగుబంటా?" అని పొట్లాన్ని సింకులో వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. ఊరికి ఫోన్ చేస్తే అమ్మ ఒకటే మాట అంది: "జాంబవంతుడి జాతిరా అది, ముట్టుకోకు." మాది ఖమ్మం వైపు అడవి పక్క ఊరు. పులికన్నా ఎలుగంటేనే మా వాళ్లకు భయం. దాన్ని కూర వండుకోవడమనే ఊహే ఎవరికీ రాదు.

ఇక్కడ ఇది ఎంత మామూలు విషయమో ముందు తెలుసుకోవాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే నేరమే. ఆ అలవాటుతో వచ్చిన మనకు, పక్క సీటువాడు సెలవు పెట్టి ఎలుగును కొట్టొచ్చానంటే వాడు జైలుకు పోతాడేమో అనిపిస్తుంది. ఇక్కడ లైసెన్సు, సీజను, ఒక్కో మనిషికి ఇన్ని అని లెక్క, అన్నీ ఉంటాయి. పెన్సిల్వేనియాలో ఎలుగు వేట అసలు సందడి నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు వారంలో. కొట్టినదాన్ని ప్రభుత్వ చెక్ స్టేషనుకు తీసుకెళ్తే బరువు తూచి, వయసు తేల్చడానికి ఒక చిన్న పన్ను పీకుతారు. 2019లో ఒక్క ఈ రాష్ట్రంలోనే 4,653 ఎలుగులను కొట్టారు. పెద్దది 600 పౌండ్లు కూడా దాటుతుంది. అంత మాంసం ఒక్క కుటుంబం తినలేదు కాబట్టి పంచుతారు. మనవాళ్లు సంక్రాంతికి అరిసెలు పంచినట్టే. కాబట్టి మీ చేతికి పొట్లం వచ్చిందంటే అవతలివాడు మిమ్మల్ని తన మనిషి అనుకున్నాడని అర్థం. మొహం చిట్లించకండి.

తినను అనుకుంటే అక్కడే చెప్పేయండి. "మా ఇంట్లో తినం, మా సంప్రదాయం" అంటే ఇక్కడివాళ్లు మారు మాట్లాడరు. తీసుకుని చెత్తబుట్టలో వేయడం మాత్రం వద్దు. అడవిలో రోజంతా చలిలో కూర్చుని, కొట్టి, లాక్కొచ్చి, కోసి ఇచ్చిన మాంసమది. పారేశారని తెలిస్తే వాళ్లు నిజంగా బాధపడతారు.

తింటాను అనుకుంటే ఇక్కడి నుంచి కాస్త జాగ్రత్తగా చదవండి. భయమంతా ఒక పురుగు గురించి. పేరు ట్రైకినెల్లా. కంటికి కనిపించదు. మాంసం కండలో చుట్ట చుట్టుకుని నిద్రపోతుంటుంది. ఆ మాంసాన్ని ఎవరైనా తింటే, కడుపులోని ఆమ్లానికి ఆ గూడు కరిగి బయటికొస్తుంది. పేగులో పెరిగి పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు రక్తంతో పాటు పోయి తిన్నవాడి కండల్లో గూడు కట్టుకుంటాయి. అంటే ఒక జంతువు ఇంకో జంతువు మాంసం తింటేనే ఈ పురుగుకు బతుకు. ఆకులు మేసే జింకలో దీని భయం ఉండదు. ఎలుగు, కూగర్ అనే కొండసింహం, అడవిపంది, అలాస్కా వైపు వాల్రస్ లాంటి మాంసం తినేవాటిలోనే ఉంటుంది. ఎలుగు ఎక్కువగా పళ్లూ ఓక్ గింజలూ తినేదే గాని, చచ్చిన జంతువు దొరికితే వదలదు.

మేకను తింటాం గాని మేకను తినేదాన్ని తినం అని మనవాళ్లు పెట్టుకున్న హద్దులో ఎంత తెలివి ఉందో అప్పుడప్పుడూ అనుకుంటుంటాను. వెంటనే కొర్రమీను గుర్తొచ్చి నోరు మూసుకుంటాను. అదీ చిన్న చేపల్ని వేటాడే చేపే కదా! దాని అన్నదమ్ముల జాతి ఒకటి 2002లో మేరీల్యాండ్‌లో ఒక చెరువులో దొరికితే ఇక్కడి అధికారులు చెరువులో మందు పోసి మరీ చంపారు. ఇప్పుడది పోటోమాక్ నదిలో బాగానే పెరిగింది. ఆ నది పక్కనున్న మన తెలుగువాళ్లకు ఆ కబురు చెబితే గాలం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు.

సరే, అసలు విషయం. ఫోర్‌మన్ మా కుర్రాడితో ఒక ధైర్యం చెప్పాడట: "నెల రోజులు ఫ్రీజర్‌లో ఉంచు, పురుగులన్నీ చస్తాయి." ఈ మాట నాకూ చాలామంది చెప్పారు. ఇది పంది మాంసం లెక్క. పందిలో ఉండే రకం చలికి చస్తుంది, నిజమే. చలి ప్రాంతపు ఎలుగుల్లో ఉండే ట్రైకినెల్లా నేటివా అనే రకం మంచుకే అలవాటుపడింది. దానికి ఫ్రీజర్ ఒక లెక్కలోకి రాదు.

2022లో జరిగింది చెబుతాను. కెనడాలో సస్కాచెవాన్ ఉత్తరాన ఒకాయన ఒక నల్ల ఎలుగును కొట్టాడు. వేట ఏర్పాట్లు చూసినవాళ్లు ఫ్రీజ్ చేస్తే చాలన్నారు. 45 రోజులు ఫ్రీజ్ చేశారు. తర్వాత సౌత్ డకోటాలో చుట్టాలంతా కలిసినప్పుడు కబాబులు కాల్చారు. ఎలుగు మాంసం పచ్చిదే బాగా ముదురు రంగు, కాలిందో లేదో చూపుకు తెలియదు. కొందరు తినడం మొదలుపెట్టాక లోపల పచ్చిగా ఉందని గమనించి మళ్లీ కాల్చారు. అప్పటికే ఆలస్యమైంది. ఆరుగురికి జబ్బు చేసింది, ముగ్గురు ఆసుపత్రిలో చేరారు. ఆ మాంసంలో మిగిలినదాన్ని 110 రోజుల ఫ్రీజింగ్ తర్వాత పరీక్షిస్తే పురుగులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

మనకు ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఆ ఆరుగురిలో ఇద్దరు మాంసం ముట్టనే లేదు. మాంసంతో పాటు వండిన కూరగాయలు మాత్రమే తిన్నారు.

ఆఫీసు పార్టీల్లో మనవాళ్లు చేసే పని సరిగ్గా ఇదే. "నేను వెజ్, నాకు ఆ క్యాప్సికం, ఉల్లిపాయ ముక్కలు తీసి ఇవ్వండి చాలు" అని అదే కడ్డీ మీది ముక్కలు తీసుకుంటారు. పచ్చి మాంసం రసం కారిన కూరగాయ పచ్చి మాంసంతో సమానం. మాంసం తినేవాళ్లకన్నా ఈ జాగ్రత్త మీకే ఎక్కువ అవసరం. వేట మాంసం కాలుతున్న గ్రిల్ దగ్గర మీ మొక్కజొన్న కండెను అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి విడిగా పెట్టమనండి. ఎవరూ ఏమీ అనుకోరు.

ఎంత వేడి కావాలి? మాంసం ముక్క మధ్యలో 165 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే మన లెక్కలో 74. గుచ్చి చూసే థర్మామీటర్ పది పదిహేను డాలర్లకు దొరుకుతుంది. రంగు చూసి నమ్మకండి. మైక్రోవేవ్‌లో వండకండి, వేడి అన్నివైపులా సమంగా ఎక్కదు. ఇక్కడ మన వంట మనల్ని కాపాడుతుంది. ప్రెషర్ కుక్కర్లో నీళ్లే 115, 120 సెల్సియస్ దాకా పోతాయి. చిన్న ముక్కలు కోసి ఏడెనిమిది విజిల్స్ వచ్చేదాకా ఉంచితే ఏ పురుగూ మిగలదు. ఎలాగూ ఎలుగు మాంసం ముదురు పొట్టేలులా గట్టిది, అంతసేపు ఉడికితేగాని నమలలేం. కొవ్వు మొత్తం కోసి తీసేయండి, వాసన అక్కడే ఉంటుంది. శరదృతువులో ఓక్ గింజలు తిన్న ఎలుగు మాంసానికి కాస్త తియ్యదనం ఉంటుంది. సముద్ర తీరాన చేపలు తిన్నదో, చెత్తకుండీల మీద బతికిందో అయితే మసాలా ఎంత వేసినా లాభం లేదు. అందుకే ఎక్కడ కొట్టారని అడిగి తెలుసుకోండి. మా ఇంట్లో మాత్రం జాంబవంతుడిదే గెలుపు. నేనొక్కడినే వేరే గిన్నెలో వండుకుని తిన్నాను. అల్లం వెల్లుల్లి, ధనియాలు, మిరియాలు కాస్త ఎక్కువ వేశాను. బాగుందనే చెప్పాలి. రెండోసారి తినాలని మాత్రం అనిపించలేదు.

వండేటప్పుడు మనకున్న ఒక చెడ్డ అలవాటు, ఉప్పూ కారం సరిపోయాయా అని మధ్యలో రుచి చూడటం. ఉడకని ముక్క పులుసు నోట్లో పెట్టుకోవద్దు. కత్తి, పలక, చేతులు సబ్బుతో కడగాలి. గర్భిణులు పచ్చి మాంసం అసలు ముట్టుకోకపోతే మంచిది. ఎలుగుల్లో టాక్సోప్లాస్మా అనే ఇంకో సూక్ష్మజీవి కూడా ఉంటుంది, అది కడుపులో బిడ్డకు ప్రమాదం.

తెలంగాణ వాళ్లకు ఒక మాట. తునకలు ఎండబెట్టినట్టు దీన్ని ఎండబెట్టుకుందామని, జెర్కీ చేద్దామని అనుకోకండి. 1995లో ఐడహోలో కూగర్ మాంసాన్ని ఉప్పునీళ్లలో నానబెట్టి పొగబెట్టి జెర్కీ చేశారు. తిన్న 15 మందిలో 10 మందికి ట్రైకినెల్లా పట్టుకుంది. ఉప్పు, పొగ, ఎండ, వీటిలో ఏదీ దీన్ని చంపుతుందని నమ్మకం లేదు. పచ్చడి పెట్టాలనుకుంటే ముందు కుక్కర్లో పూర్తిగా ఉడికించి, ఆ తర్వాతే నూనెలో వేయించండి.

ఇప్పటికే ఎక్కడో తిన్నాం, ఇప్పుడెలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. మొదటి రెండు రోజుల్లో వాంతులు, విరేచనాలు రావొచ్చు. అసలు లక్షణాలు వారం రెండు వారాలకు వస్తాయి: జ్వరం, ఒళ్లంతా కండరాల నొప్పులు, కళ్ల చుట్టూ వాపు. చాలామంది ఫ్లూ అనుకుని టైలెనాల్ (మన పారాసిటమాల్) వేసుకుని పడుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "ఎలుగు మాంసం తిన్నాను" అన్న ముక్క మీరే చెప్పాలి, ఆయన అడగడు. రక్తంలో ఇయోసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు పెరిగాయో లేదో చూస్తారు. ఆల్బెండజోల్ అనే మందుంది, మన ఊళ్లో బడిపిల్లలకు నులిపురుగులకు ఇచ్చేదే. పురుగులు పేగులో ఉండగా వేస్తేనే బాగా పనిచేస్తుంది, కాబట్టి సిగ్గుపడి ఆలస్యం చేయకండి. ఇండియా నుంచి చూసిపోదామని వచ్చిన అమ్మానాన్నలకు ఈ మాంసం పెట్టకండి. విజిటర్ ఇన్సూరెన్సుతో ఆసుపత్రి చుట్టూ తిరగడం ఎలా ఉంటుందో తిరిగినవాళ్లను అడగండి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. వేట మాంసం బహుమతిగా ఇవ్వొచ్చు, అమ్మకం కొనుగోలు నేరం. కాబట్టి మొహమాటానికి కూడా ఇరవై డాలర్లు చేతిలో పెట్టకండి. బదులుగా ఒక డబ్బా జంతికలు ఇవ్వండి, సంతోషిస్తారు. పొట్లంతో పాటు కొట్టినవాడి పేరు, తేదీ, లైసెన్సు నంబరు రాసిన చీటీ అడిగి ఉంచుకోండి. కొందరు ఎలుగు గోరు కూడా ఇస్తారు. పులిగోరులా బంగారం చుట్టించి మెడలో వేసుకుందామని ఇండియాకు పట్టుకెళ్లకండి. అమెరికా నల్ల ఎలుగు అంతర్జాతీయ వన్యప్రాణి ఒప్పందం జాబితాలో ఉన్న జంతువు, విమానాశ్రయంలో దొరికితే పెళ్లికి వెళ్లినవాళ్లు కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది. మాంసం సంగతి ఇక చెప్పనక్కరలేదు.

వేటకు రమ్మని పిలిస్తే వెళ్లి చూడొచ్చు. తుపాకీ మాత్రం పట్టుకోకండి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది గాని, లాయరును అడగకుండా దాని మీద ధైర్యం చేయొద్దు. ఒక్క ఫోటో కోసం గ్రీన్‌కార్డుకే ముప్పు తెచ్చుకోకండి. నవంబరు, డిసెంబరుల్లో అడవిదారుల్లో నడకకు వెళ్తే మెరిసే నారింజ రంగు జాకెట్, టోపీ వేసుకోండి.

ఇదంతా ఆ కుర్రాడికి ఆ రాత్రి అరగంట చెప్పాను. శనివారం మధ్యాహ్నం మెసేజ్ పెట్టాడు. "అన్నా, పన్నెండు విజిల్స్ అయ్యాయి, థర్మామీటర్ 200 చూపిస్తోంది. ఇంకా ఉంచాలా?" స్టవ్ ఆపమన్నాను. సాయంత్రం ఫోటో వచ్చింది. అన్నం, ఎలుగు కూర, పక్కనే చిన్న డబ్బాలో ఫోర్‌మన్ కోసం తీసిపెట్టిన నాలుగు ముక్కలు. సోమవారం ఆయన తిని కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడట. కారానికి.