ఈగల మీద చదివితే తిండెలా అని అడిగిన నాన్నగారికి

కోనసీమ కొబ్బరి రైతు ఒకాయన రాశారు. అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ ఫైనల్ ఇయర్, ఎంటమాలజీలో (పురుగుల శాస్త్రం) ఎమ్మెస్సీ చేసి ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే బదనిక (వేరే పురుగు ఒంట్లో పెరిగి దాన్ని చంపేసే బుల్లి కీటకం) మీద పనిచేస్తానంటోందట, ఈయనేమో అమెరికాలో డేటా సైన్స్ ఎమ్మెస్‌కి లోన్ మాట్లాడేశారట, ఏది బెటరో పోల్చి చెప్పమంటున్నారు.

అయ్యా, ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, కోర్సు పేరే మారుతుంది. మీ ఉత్తరంలో జీతం మాట ఒక్కసారే ఉంది, "చుట్టాలకి ఏం చెప్పుకోవాలి" అన్నది మాత్రం పేజీ అంతా ఉంది. అసలు భయం అదేనండీ.

కొంచెం గట్టిగానే అంటాను, ఏమనుకోకండి. మీ తోటలో మట్టలు మసిబారిపోయాయని మీరే రాశారు కదా, దానికి కారణమైన రుగోస్ తెల్లదోమ (ఆకుల రసం పీల్చే పురుగు) 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర బయటపడి మన దాకా వచ్చింది, దాన్ని లోపల్నుంచి తినేసేది ఒక మిల్లీమీటరు కూడా లేని ఈ బదనికే. అంతకుముందే వచ్చిన స్పైరలింగ్ తెల్లదోమ అనే ఇంకో రకం వెంట ఎవరూ తేకుండానే మన దేశానికి వచ్చింది ఇది. ట్రైకోకార్డుల్లా (వేరే బదనికని పెంచి పొలాల్లో కట్టే అట్టలు) పురుగుల గుడ్ల మీద పెంచి పంచుదామంటే కుదరదు, బతికున్న తెల్లదోమ పిల్లల మీదే పెరగాలి, మందు కొడితే ఇదీ చస్తుంది. దీన్ని సులువుగా పెంచే దారి ఎవరో ఒకరు వెతకాలి కదా, ఆ పని చేస్తానంటున్న పిల్లని మీరు ఆపుతున్నారు! 2008లో కోయంబత్తూరులో బొప్పాయి పిండినల్లి కనిపిస్తే 2010లో ప్యూర్టోరికో నుంచి బదనికల్ని తెచ్చి వదిలాకే అది అదుపులోకొచ్చింది, అదీ ఇలా చదువుకున్నవాళ్ళ పనే.

డేటా సైన్స్ చెడ్డదని కాదు, లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలకి మంచిదే. కానీ అందరూ వెళ్తున్నారని అప్పు చేసి పంపడం నాకు భయంగా ఉంటుంది, అక్కడ ఫ్రెషర్‌కి జాబ్ రావడం, వీసా నిలబడటం రెండూ మన చేతుల్లో లేవు, కిస్తీ మాత్రం ఆగదు. ఇష్టం లేని పిల్లకి అది ఇంకా కష్టం.

ఎంటమాలజీలో సైంటిస్టు పోస్టులు తక్కువే, పీహెచ్‌డీ దాకా ఓపిక పట్టాలి, ఆ మాట దాచను. కానీ జేఆర్‌ఎఫ్ (పోటీ పరీక్షతో వచ్చే ఫెలోషిప్) వస్తే చదువు ఖర్చు మీ మీద పెద్దగా పడదు, ప్లాంట్ క్వారంటైన్ (దిగుమతయ్యే మొక్కల తనిఖీ), జీవ నియంత్రణ ల్యాబులు, బెంగళూరులో వ్యవసాయ కీటకాల పరిశోధన సంస్థ ఎన్‌బీఏఐఆర్, ఇవన్నీ ఉన్నాయి. అమ్మాయి ఏమీ రోడ్డున పడదండీ.

అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మీకు దగ్గరే, అక్కడ బదనికలు పెంచే ల్యాబ్ ఉంది. అమ్మాయిని తీసుకుని ఒకరోజు వెళ్ళి పనిచేసేవాళ్ళతో మీరే మాట్లాడండి, అప్పటిదాకా లోన్ కాగితాల మీద సంతకం పెట్టకండి.