ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతున్నా పొగ బయటికి పోకపోతే ఏం చేయాలి?

పర్లాకిమిడి దగ్గర జీడిపప్పు కార్ఖానాలో కొత్తగా బిగించిన త్రీ ఫేజ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరున తిరుగుతున్నా, గింజలు కాల్చే గదిలో పొగ తగ్గడం లేదని, మోటారు మార్చాలా అని మీరు అడిగారు. ముందుగా ఫ్యాన్ తిరిగే దిశను చూడండి. రెక్కల ఫ్యాన్ ఎదురు దిశలో తిరిగితే బయటి గాలిని లోపలికి తోస్తుంది. బ్లోవర్ రకమైతే (గుండ్రని డొప్పలో చక్రం తిరిగి గాలిని తోసేది) గాలి సరైన వైపుకే పోతుంది గాని బాగా తగ్గిపోతుంది, అందుచేత తప్పు త్వరగా బయటపడదు.

మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీసి దగ్గర ఉంచుకుని, రెక్కలను చేత్తో తిప్పి అవి చట్రానికి రాసుకోవడం లేదని నిర్ధారించుకోండి. తరువాత జాలీ బిగించి, ఫ్యూజులు తిరిగి పెట్టి, క్షణకాలం స్విచ్ వేసి ఆపి, రెక్కలు నిదానించేటప్పుడు వాటి దిశను చట్రంపై ఉన్న బాణం గుర్తుతో పోల్చండి. తేడా ఉంటే సరఫరాను పూర్తిగా ఆపి, మూడు ఫేజ్ తీగల్లో ఏవైనా రెండింటిని ఎలక్ట్రీషియన్ చేత తారుమారు చేయించండి. ఎర్త్ తీగను కదపకూడదు. మోటారు మితిమీరి కరెంటు లాగితే దాన్ని ఆపే ఓవర్‌లోడ్ రిలేను మోటారు పలకపై ఉన్న ఆంపియర్లకే అమర్చాలి.

దిశ సరిగానే ఉంటే తలుపులు చూడండి. గదిని పూర్తిగా మూసివేస్తే బయటికి లాగడానికి గాలే ఉండదు. ఫ్యానుకు ఎదురు గోడలో, కనీసం ఫ్యాన్ వైశాల్యానికి తగ్గని కంత ఉండాలి. ఆ కంతకు, ఫ్యానుకు మధ్యన పొయ్యి ఉంటే, కళ్లను మండించే జీడితొక్కల పొగ పనివారి ముఖాల మీదికి రాకుండా నేరుగా బయటికి పోతుంది.