స్పిండిల్ మార్చినా కొళాయి కారుతోందంటే

తిరుపతిలో బోరు నీళ్లు వాడే ఇంట్లో, స్పిండిల్ (కొళాయి తిప్పితే లోపల కదిలే, చివర రబ్బరు ఉండే భాగం) మార్చినా కొళాయి కారుతోందని ఒకరు అడిగారు. తప్పు కొత్త స్పిండిల్‌ది కాకపోవచ్చు. బోరు నీళ్లు కాబట్టి, కొళాయి లోపలి ఇత్తడి సీటు మీద ఉప్పు గట్టిపడి ఉంటుంది. దానిమీద రబ్బరు సమంగా కూర్చోదు.

1. గేట్ వాల్వ్ (పైపులో నీళ్లు ఆపే వాల్వ్) కట్టేసి, కొళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్లు బయటికి పోనివ్వండి.
2. స్పిండిల్ ఊడదీసి టార్చి వేసి చూడండి. అడుగున గుండ్రటి అంచే సీటు. వేలికి గరుకుగా తగిలితే అది ఉప్పు కావచ్చు. వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట కుక్కి ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు, గీత పడితే అక్కడి నుంచే కారుతుంది. బాత్రూం యాసిడ్ అసలొద్దు, క్రోమ్ పూత పోతుంది.
3. చాలామంది వదిలేసేది ఇదే: స్పిండిల్ బిగించకముందే, కొళాయి మీద గుడ్డ అడ్డంపెట్టి, గేట్ వాల్వ్ కొంచెం తిప్పి నాలుగైదు సెకన్లు నీళ్లు వదలండి. ఊడిన ఉప్పు పెళ్లలు, ఇసుక బయటికొచ్చేస్తాయి. లేదంటే అవి కొత్త రబ్బరు కిందే ఇరుక్కుని దాన్ని కోసేస్తాయి.
4. వాల్వ్ కట్టేసి, స్పిండిల్‌ను తెరిచిన స్థితిలో పెట్టి చేత్తో బిగించండి. ఆపైన స్పానర్‌తో పావు చుట్టు చాలు.

సీటు మీదే గాడి పడి ఉంటే మాత్రం కొళాయే మార్చండి.