పరిశోధన ఖర్చు: పని ఎక్కడ, సొమ్ము ఎవరిది?

ప్రశ్న: నిరుడు మా కంపెనీ పరిశోధన-అభివృద్ధి పద్దులు ఇవి (లక్షల్లో): జీతాలు 40, ముడిసరుకు 15, కొత్త పరీక్షా యంత్రం 20, పాత యంత్రాల తరుగుదల 8, ఒక విశ్వవిద్యాలయానికి అప్పగించిన పనికి 10. మొత్తం 93. మా ల్యాబు పనికి ప్రభుత్వం 25 గ్రాంటు ఇచ్చింది, పన్నులో 12 తగ్గింది. జాతీయ సర్వే ఫారంలో ఎంత రాయాలి?

జవాబు: 75 రాయండి. 93లోంచి విశ్వవిద్యాలయానికి ఇచ్చిన 10, తరుగుదల 8 తీసేయాలి. చాలా దేశాల సర్వేలు అనుసరించేది, పరిశోధన ఖర్చును ఎలా లెక్కగట్టాలో చెప్పే ఫ్రాస్కాటీ మాన్యువల్‌ను. 1963లో ఇటలీలోని ఫ్రాస్కాటీలో ఓఈసీడీ (ఆర్థిక సహకారం, అభివృద్ధి కోసం ఏర్పడిన దేశాల సంస్థ) నిపుణులు కూర్చుని దానికి రూపమిచ్చారు. దాని ప్రకారం ఖర్చును పని జరిగిన చోటే లెక్కగడతారు. విశ్వవిద్యాలయంలో జరిగిన పనికి ఖర్చు వాళ్లు రాస్తారు, నిధులు పరిశ్రమవని చూపిస్తారు. మీరు ఆ 10ని బయటి పనికి చెల్లించిన గడిలో విడిగా వేయాలి. ఇద్దరూ సొంత ఖర్చుగా రాస్తే దేశం లెక్కలో 10 కాస్తా 20 అవుతుంది.

తరుగుదల, అంటే వాడకంతో యంత్రాల విలువ ఏటా తగ్గినట్టు పుస్తకాల్లో రాసే మొత్తం, ఎందుకు వద్దంటే, పాత యంత్రాల ధర కొన్న ఏడాదే పూర్తిగా లెక్కకెక్కింది. ఆడిట్ పుస్తకంలోని అంకెలను ఉన్నవున్నట్టు ఫారంలోకి దించేవాళ్లు తరచూ తప్పు చేసేది ఇక్కడే.

జీతాల 40ని మాత్రం మరోసారి తరచి చూడండి. వారంలో మూడు రోజులు ల్యాబులో, రెండు రోజులు ఉత్పత్తి విభాగంలో ఉండే ఇంజనీరు జీతంలో 60 శాతమే ఇందులోకి వస్తుంది. రోజువారీ నాణ్యత పరీక్షలు, మార్కెట్ సర్వేలు అసలు రావు. పైలట్ ప్లాంటు (ప్రయోగం కోసం కట్టిన చిన్న కర్మాగారం) ఉంటే, దాన్ని ప్రధానంగా కొలతల కోసం, అనుభవం కోసం నడిపినంత కాలం పరిశోధనే. మామూలు ఉత్పత్తికి మళ్లించాక కాదు.

ఇక సొమ్ము సంగతి. 75లో 25 ప్రభుత్వానిది, 50 మీది. పన్నులో తగ్గిన 12ను ఈ 50లోంచి తీసేయకండి. దాన్ని ప్రభుత్వ పన్ను రాయితీల కింద వేరే పట్టికలో చూపిస్తారు. ఆ 25 గ్రాంటు కాక తిరిగి కట్టాల్సిన రుణమైతే, అదీ మీ సొమ్ము కిందే లెక్క.

ప్రశ్న: పరిశ్రమల పరిశోధనకు ఇంత ఇచ్చామని ప్రభుత్వం అంటుంది. అందింది అంతకంటే తక్కువని కంపెనీల సర్వే చెబుతుంది. మధ్యలో ఎవరు తిన్నట్టు?

జవాబు: ఎవరూ తినకపోయినా తేడా వస్తుంది. బడ్జెట్‌లో కనిపించేది కేటాయింపు, సర్వేలో కనిపించేది ఆ ఏడాది నిజంగా పెట్టిన ఖర్చు. మూడేళ్ల ప్రాజెక్టుకు సొమ్మంతా ఒకేసారి మంజూరైతే మొదటి ఏడే పెద్ద తేడా కనిపిస్తుంది. పైగా ప్రభుత్వ కాంట్రాక్టు దక్కించుకున్న పెద్ద కంపెనీ అందులో కొంత పనిని చిన్న కంపెనీకి ఇచ్చిందనుకోండి, ఆ సొమ్ము మొదట ఎక్కడిదో చిన్న కంపెనీకి తెలియదు. మరో కంపెనీ ఇచ్చిందనే రాస్తుంది.

ప్రశ్న: మొత్తం ఖర్చు మీద కాకుండా, పెరిగిన ఖర్చు మీదే పన్ను రాయితీ ఇస్తే ఖజానాకు ఆదా కదా?

జవాబు: వినడానికి బాగుంటుంది. చిక్కంతా 'దేనికంటే పెరిగింది' అన్న దగ్గర ఉంది. అమెరికా 1981లో గత మూడేళ్ల సగటును ప్రాతిపదికగా పెట్టి, దాన్ని మించిన ఖర్చుపై 25 శాతం రాయితీ ఇచ్చింది. ఏటా ఆ సగటును దాటే కంపెనీ ఒక ఏడాది అదనంగా 100 ఖర్చు పెడితే 25 వస్తుంది. కానీ ఆ 100 వల్ల తర్వాతి మూడేళ్ల సగటు ఏటా 33 చొప్పున పెరుగుతుంది, రాయితీ ఏటా 8 పైచిలుకు తగ్గుతుంది. మూడేళ్లలో ఆ 25 కాస్తా తిరిగి పోయినట్టే! మిగిలేది సొమ్ము ముందుగా చేతికొచ్చిన లాభమే. అందుకే 1989లో చట్టం మార్చి, కంపెనీ ఖర్చు పెంచినా దాంతోపాటు పెరగని ప్రాతిపదిక పెట్టారు.

నష్టాల్లో ఉన్న కొత్త కంపెనీకైతే ఏ ప్రాతిపదికైనా ఒకటే, తగ్గించడానికి పన్నే ఉండదు కదా. రాయితీని నగదుగా తిరిగి ఇస్తేనో, లాభాలొచ్చే ఏడాదికి మళ్లించుకోనిస్తేనో ఉపయోగం. అప్పటికీ ఆ సొమ్ము ఖర్చయ్యాక వచ్చేదే. ఈ నెల జీతాలకు అక్కరకొచ్చేది ముందస్తు వాయిదా ఇచ్చే గ్రాంటు, లేదంటే వాటాదారుల పెట్టుబడి.