నాలుగేళ్ల పాప క్రాఫ్ట్ కిట్ ముట్టడం లేదా? ఇంకోటి కొనకముందు ఇది చదవండి

మీ పాపకు నాలుగేళ్లు, ఉండేది మహబూబ్‌నగర్‌లో, రెండు కలరింగ్ పుస్తకాలు, ఒక క్రాఫ్ట్ కిట్ తెచ్చినా పది నిమిషాల్లో పక్కన పడేస్తోంది, ఇంకేం కొనాలి అని అడిగారు. ఇప్పటికైతే ఏమీ కొనకండి.

మాది నల్గొండ. ఇంట్లోనే మిషన్ కుడతాను. బాబుకు ఏడేళ్లు, పాపకు నాలుగున్నర. బాబు విషయంలో నేను చేసిన తప్పు ముందు చెప్తాను. వాడికి నాలుగేళ్లున్నప్పుడు నా బొమ్మ వేశాడు. పెద్ద గుండ్రం, లోపల రెండు కళ్లు, ఆ తలకాయ నుంచే కిందికి రెండు కాళ్లు. పొట్ట లేదు, మెడ లేదు, చేతులు చెవుల దగ్గర మొలిచాయి. "ఇట్ల కాదు నాన్నా" అని పెన్సిల్ గుంజుకుని పొట్ట గీశాను, మెడ పెట్టాను, చీర కూడా కట్టాను. చక్కగా వచ్చిందని నేనే మురిసిపోయాను. ఆ తర్వాత దాదాపు ఏడాది, వాడు కాగితం తెచ్చి నా ఒళ్లో పెట్టి "నువ్వే వెయ్యి, నాకు రాదు" అనేవాడు. మూడు నాలుగేళ్ల పిల్లల్లో చాలామంది మనిషిని అట్లాగే, తలకే కాళ్లు తగిలించి వేస్తారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. పొట్ట మెల్లగా దానంతటదే వస్తుందట.

అందుకే పాప వేసే బొమ్మల జోలికి నా చెయ్యి పోనివ్వలేదు. మిషన్ పక్కన ఒక అట్టపెట్టె పెట్టాను. జాకెట్ ముక్కలు, లైనింగ్ ముక్కలు, ఖాళీ దారం రీళ్లు, పాత గుండీలు, చింతగింజలు, పెళ్లి కార్డులు అన్నీ అందులోకే. గద్వాల చీర జాకెట్ ఎవరైనా కుట్టించుకుంటే ఆ జరీ ముక్కకు మా ఇంట్లో కొట్లాటే. కిట్‌లో ఏనుగు ముక్కలిస్తే అతికించాక అది ఏనుగే, ఆట అయిపోయింది. దారం రీలు అట్ల కాదు. పొద్దున బస్సు చక్రం, మధ్యాహ్నం ఒకదాని మీద ఒకటి పెడితే బోనం, సాయంత్రం రంగులో ముంచి అద్దితే కాగితం నిండా గుండ్రాలు.

ఒక మాట, పెట్టె మొత్తం ఒకేసారి కుమ్మరించకండి. నేను అట్లా చేస్తే పాప అన్నీ విసిరేసి వెళ్లిపోయింది. ఇప్పుడు రోజుకు రెండు మూడు రకాలే తీసి పెడుతున్నాను.

రంగులకు వంటిల్లు చాలు. పసుపు నీళ్లతో కాగితం మీద ఇష్టమొచ్చినట్టు పూయమనండి, ఆరాక వంట సోడా కలిపిన నీళ్లలో ముంచిన దూదిపుల్ల చేతికివ్వండి. పుల్ల తగిలిన చోటల్లా పసుపు ఎర్రబడుతుంది. మా పాప మొదటిసారి "అమ్మా, రక్తం!" అని అరిచి, ఆ రోజు ఏడు కాగితాలు ఖతం చేసింది. పెళ్లిళ్లలో దిష్టి తీసే ఎర్రనీళ్లు కూడా ఇదే లెక్క, పసుపులో సున్నం. కానీ పిల్లల చేతికి సున్నం ఇవ్వకండి, కంట్లో పడితే ప్రమాదం. హోలీ ముందర మోదుగ పూలు దొరికితే ఉడకబెట్టండి, మంచి నారింజ రంగు దిగుతుంది. బతుకమ్మకు గునుగు పూలు అద్దగా మిగిలిన రంగునీళ్లు కూడా నేను పారబోయను.

ఇక మన్ను. మా అమ్మ పుట్టిల్లు గద్వాల వైపు. అక్కడ మట్టెద్దుల అమావాస్యకు పిల్లలందరూ ఎద్దులు చేస్తారు, ఎవరికీ కిట్ అక్కర్లేదు. చెరువు మన్ను తెచ్చి రాళ్లు ఏరి, నానబెట్టి, తడిగుడ్డలో ముద్ద కట్టి పెట్టుకోండి. అపార్ట్‌మెంట్‌లో మన్ను ఎక్కడిది అంటారేమో. రెండు గ్లాసుల గోధుమపిండి, ఒక గ్లాసు ఉప్పు, సరిపడా నీళ్లు కలిపి ముద్ద చేయండి. తినకుండా మాత్రం చూసుకోవాలి, అంత ఉప్పు మంచిది కాదు.

గింజల విషయంలో జాగ్రత్త. గురిగింజలు ఎర్రగా ముద్దుగా ఉంటాయి కానీ విషం, ఇంట్లోకే తేవద్దు. మీ వైపు సీతాఫలాలు ఎక్కువ కదా, ఆ గింజలు కూడా వద్దు. నలిగిన పొడి కంట్లో పడితే చాలా మంట, కన్నే పాడవచ్చు. మూడేళ్లలోపు పిల్లలుంటే గుండీలు, చింతగింజలు కూడా అందకుండా పెట్టండి, గొంతులో ఇరుక్కుంటాయి.

"ఇల్లంత ఆగం చేస్తుంది" అని మా అత్తమ్మ రోజూ అంటుంది. నిజమే. అందుకే ఖాళీ బియ్యం సంచి కోసి కింద పరుస్తాను, ఆ సంచి దాటితే ఆట బంద్. పాపకు వాళ్ల నాన్న పాత చొక్కా తొడుగుతాను.

అన్నిటికన్నా నాకు కష్టమైంది నోరు కట్టుకోవడం. "ఇది ఏంది?" అని అడిగితే పాప తడబడి నాకు నచ్చే పేరు ఏదో వెతికి చెప్పేది. ఇప్పుడు "ఇక్కడ ఎర్రది చాలా పెట్టినవ్ కదా" అని ఊరుకుంటే, కథంతా తనే చెప్తుంది. మొన్న వాళ్లన్న వచ్చి పాప బొమ్మ చూసి "కుక్కకు ఐదు కాళ్లుంటయా?" అని నవ్వాడు. "ఒకటి గోక్కునేటందుకు" అంది.

మీరు కొన్న కలరింగ్ పుస్తకాలు పారేయకండి. వెనక వైపు తెల్లగా ఉంటే అక్కడ వేసుకుంటుంది. కిట్ డబ్బా గుడ్డ ముక్కలకు పనికొస్తుంది.