ఇంటిపేరు వేరైనా మేనమామ ఆనవాలు మీలోనే ఉంది

ప్రశ్న: మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడైన మా మేనమామ సైన్యంలో పనిచేస్తూ, పెళ్లి కాకముందే, 1980ల చివర్లో సియాచిన్‌లో మంచు చరియల కింద గల్లంతయ్యారు. బతికున్నన్నాళ్లూ అమ్మమ్మ ఆయన ఫొటోకు దండ వేయనీయలేదు. ఇప్పుడు అమ్మమ్మ, తాత, అమ్మ ముగ్గురూ లేరు. ఎప్పుడైనా ఆయన అవశేషాలు బయటపడితే ఎలా గుర్తిస్తారు? ఇంటిపేరు వేరైన నా రక్తం, మా చెల్లెలి రక్తం అందుకు పనికివస్తాయా?
– ఒక పాఠకుడు, తుంగతుర్తి

జవాబు: తప్పకుండా పనికివస్తాయి. ఈ రోజున ఆయనను గుర్తించడానికి మీ ఇద్దరికంటే దగ్గరివారు లేరు. కణాల్లోని మైటోకాండ్రియాలో ఉండే డీఎన్‌ఏ తల్లి నుంచే బిడ్డలకు వస్తుంది కనుక, మీ అమ్మమ్మ నుంచి మేనమామకు వచ్చినదే మీ అమ్మ ద్వారా మీకూ, మీ చెల్లెలికీ అందింది. ఒక్కో కణంలో అది వందల, వేల ప్రతులుగా ఉంటుంది కాబట్టి, కణకేంద్రంలోని డీఎన్‌ఏ శిథిలమైపోయిన పాత ఎముకల్లోనూ, పళ్లలోనూ కూడా దొరికే అవకాశం ఎక్కువ. అయితే మగవారి ద్వారా అది ముందుకు సాగదు. అందువల్ల మీ తరువాత మీ చెల్లెలి పిల్లల నమూనా పనికివస్తుంది కాని, మీ పిల్లలది పనికిరాదు.

ఒకే తల్లి వంశంలో ఈ డీఎన్‌ఏ అందరికీ ఒకటే కావడం వల్ల దీనితో మాత్రమే నిర్ధారణకు రారు. అవశేషాలు దొరికిన చోటు, యూనిట్ రికార్డులు, ఒంటిమీది వస్తువులు అన్నీ కలిపి చూస్తారు. 1984 మే 29న సియాచిన్‌లో గల్లంతైన కుమావ్ రెజిమెంటు లాన్స్ నాయక్ చంద్రశేఖర్ హర్బోలా అవశేషాలు 2022 ఆగస్టులో దొరికినప్పుడు, సైనిక నంబరు చెక్కిన బిళ్లే ఆయన ఎవరో చెప్పింది. 1968 ఫిబ్రవరి 7న రోహ్‌తాంగ్ ప్రాంతంలో కూలిన వైమానిక దళ విమానంలోని 102 మందిలో మరి నలుగురి భౌతికకాయాలు 2024లో, అంటే 56 ఏళ్లకు బయటపడ్డాయి. కాబట్టి మీరు ఆశ వదులుకోనక్కరలేదు.

నన్ను కలవరపెడుతున్నది వేరే సంగతి. సైన్యం రికార్డుల్లో మీ మేనమామ వారసులుగా బహుశా మీ అమ్మమ్మ, తాతల పేర్లే ఉంటాయి. చిరునామా నల్గొండ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. 2016 నుంచి తుంగతుర్తి సూర్యాపేట జిల్లాలో ఉంది. ఆయన కోసం వెతికి వచ్చేవారికి మీరు దొరకాలి కదా! ఆయన రాసిన పాత ఉత్తరాలను తీసి చూడండి; 56 ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) అన్న చిరునామా పక్కనే ఆయన నంబరు, యూనిట్ పేరు ఉండవచ్చు. ఆ వివరాలతో, ఆయన తల్లిదండ్రుల, అక్క (అంటే మీ అమ్మ) మరణ ధ్రువపత్రాలతో, మీ ఇద్దరి ఆధార్, ఫోన్ నంబర్లతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆయన రెజిమెంటు రికార్డు ఆఫీసుకు దరఖాస్తు పంపి, అందినట్లు రసీదు తీసుకోండి. డీఎన్‌ఏ నమూనా ఇవ్వడానికి సిద్ధమని అందులోనే రాయండి. అవశేషాలను ఎవరు స్వీకరించాలో, అంత్యక్రియలు ఎక్కడ జరపాలో మీరిద్దరూ ఇప్పుడే మాట్లాడుకుని, ఆ మాట కూడా చేర్చండి.