పద్నాలుగు మంది పెళ్లికి ఒక్క కెమెరా

చిరంజీవి మేనల్లుడికి,

ఎడిన్‌బరా నుంచి అత్తయ్య ఆశీస్సులు. నిన్న గ్లాస్గో నుంచి ఫోన్లో "అత్తయ్యా, ఎడిన్‌బరా కోటలో పెళ్లి ఫొటోలు తియ్యాలి, మొత్తం 14 మందే, అరగంటలో అయిపోతుంది, ఈజీ" అన్నావు చూడు, ఆ 'ఈజీ' అన్న మాట రాత్రంతా నా చెవిలో తిరుగుతూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి మీ నాన్నలాగే "ఊఁ, ఊఁ" అంటావు.

రాజమండ్రిలో నువ్వు తీసిన పెళ్లిళ్లు చూశాను. బాగా తీస్తావు, అందులో అనుమానం లేదు. కానీ అక్కడ ఎనిమిది వందల మంది జనం, నలుగురు కెమెరావాళ్లు, ఇద్దరు లైట్ బాయ్స్, పైన డ్రోన్. పంతులుగారికీ పెళ్లికూతురికీ మధ్యలోంచి మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. జీలకర్ర బెల్లం మిస్సయితే "అమ్మా, ఒక్కసారి చెయ్యి మళ్లీ అలా పెట్టండి" అంటాం, వాళ్లూ నవ్వుకుంటూ పెడతారు. సన్నాయి, డోలు హోరులో నీ షట్టర్ చప్పుడు ఎవరికి వినబడుతుంది?

ఈ పెళ్లి జరిగేది కోటలోని చిన్న ప్రార్థన గదిలో, సెయింట్ మార్గరెట్ చాపెల్‌లో. అక్కడ అన్నీ వినబడతాయి. ఆ 14 మందికి నువ్వు పదిహేనోవాడివి. నువ్వు తుమ్మితే అది కూడా వాళ్ల పెళ్లి జ్ఞాపకాల్లో చేరిపోతుంది.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నదే. ఇక్కడ పని మొదలుపెట్టిన కొత్తల్లో, అదే చాపెల్‌లో, 18 మంది పెళ్లి. అప్పటి నా కెమెరాకి లోపల అద్దం ఉండేది, నొక్కినప్పుడల్లా 'ఠప్' మనేది. మన అలవాటే కదా, మూడు నిమిషాల్లో నలభై ఫొటోలు కొట్టేశాను. పెళ్లికూతురు ప్రమాణం చదువుతూ ఒకచోట గొంతు పట్టేసి ఆగింది. ఆ నిశ్శబ్దంలో మళ్లీ ఠప్. ముందు కూర్చున్న ముసలావిడ, పెళ్లికొడుకు నాయనమ్మ, మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. పూజ గదిలోకి చెప్పులతో వచ్చిన పిల్లని చూసినట్టు చూసిందంతే. ఇక కెమెరా దించేశాను. ఆ తర్వాత పది నిమిషాల్లో తీసినవి ఏడు ఫొటోలు, వాటిలో మంచివి రెండే. అయినా బయటికొచ్చాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని థాంక్యూ అంది. అందుకే చెబుతున్నాను, అక్కడ నీకు పెద్ద పని ఫొటో తియ్యడం కాదు, తియ్యకుండా ఆగడం.

ఆ చోటు గురించి కాస్త తెలుసుకో. కోట అంతటికీ, ఆ మాటకొస్తే ఎడిన్‌బరా ఊరంతటికీ పాత కట్టడం అదే. 1130 ప్రాంతంలో డేవిడ్ అనే రాజు తన తల్లి మార్గరెట్ రాణి పేరు మీద కట్టించాడు. తర్వాత ఎవరూ పట్టించుకోక తుపాకీ మందు దాచే కొట్టుగా మార్చేశారు. 1845లో ఒకాయన చూసి, ఇది కొట్టు కాదు, గుడి అని గుర్తుపట్టేదాకా అదే గతి. బయటి నుంచి చూస్తే పెద్ద రాతి గదిలా ఉంటుంది, అంతే. లోపల పట్టేది ఇరవై, ఇరవై ఐదు మంది. బల్ల దగ్గరుండే పూలు మాత్రం ముట్టుకోకు. స్కాట్లాండులో మార్గరెట్ అనే పేరున్న ఆడవాళ్లు వంతులు వేసుకుని అక్కడ పూలు పెడతారు, దానికోసం 1942 నుంచి ఒక సంఘమే ఉంది. ఫ్రేముకి అడ్డొచ్చాయని కూజా పక్కకి జరిపిన కుర్రాణ్ణి ఒకణ్ణి చూశాను. వాడికి పడిన చీవాట్లు నీకు పడక్కర్లేదు.

ఇక వెలుతురు. గోడలు బాగా మందం, కిటికీలు ఐదు, అన్నీ చిన్నవే. 1922లో డగ్లస్ స్ట్రాకన్ చేసిన రంగుటద్దాలు వాటిలో ఉన్నాయి. ఆండ్రూ, నినియన్, కొలంబా, మార్గరెట్ అనే నలుగురు సెయింట్లు, వాళ్లతోపాటు స్కాట్లాండు వీరుడు విలియం వాలెస్. చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ ఫొటోగ్రాఫర్‌కి తలనొప్పి. అద్దం బాగా రావాలంటే మొహం నల్లబడుతుంది, మొహం బాగా రావాలంటే అద్దం తెల్లగా పేలిపోతుంది. అద్దాన్ని వదిలెయ్. అది వందేళ్లుగా అక్కడే ఉంది, పెళ్లయ్యాక ఎంతసేపైనా తీసుకోవచ్చు. తెల్ల గౌను మీద కుట్టుపని పోకుండా ఎక్స్‌పోజర్ పెట్టుకో, నీడలు తర్వాత ఇంట్లో లేపుకోవచ్చు. ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుగుని పట్టే జోరు, 3200, అవసరమైతే 6400 దాకా వెళ్లు, భయపడకు. కాస్త గ్రెయిన్ వస్తే రానీ. వణికిన ఫొటోకంటే గరుకు ఫొటో నయం. ఫ్లాష్ మాట ఎత్తకు.

లెన్సులు రెండు చాలు. ఒక కెమెరా బాడీకి 35 ఎంఎం, ఇంకోదానికి 85. నీ 70-200 జూమ్ లెన్సు, ఆ పెద్ద గన్, ఇంట్లో పెట్టి రా, అంత చిన్న గదిలో దాంతో వెనక్కి జరగాలంటే గోడలో దూరాలి. సైలెంట్ షట్టర్ వాడు, కానీ నమ్మి కూర్చోకు. కొన్ని ఎల్ఈడీ దీపాల కింద సైలెంట్‌లో ఫొటో మీద అడ్డగీతలు పడతాయి. వారం ముందు టికెట్ కొనుక్కుని మామూలు టూరిస్టులా పైకి వెళ్లు, పెళ్లి ఏ గంటకో అదే గంటకి. చాపెల్‌లో నాలుగు ఫొటోలు తీసి గీతలున్నాయేమో పెద్దది చేసి చూడు. ఆ గంటకి వెలుగు ఏ గోడ మీద ఉంటుందో కూడా అప్పుడే తెలుస్తుంది. ఒక్క పోజిషన్ ఎంచుకో. ఒక్కటే. పెళ్లి జరిపించేవాళ్లని ముందే కలిసి, అక్కడ నిలబడొచ్చా, ప్రమాణాలప్పుడు తియ్యొచ్చా అని అడుగు. కొందరు వద్దంటారు. వద్దంటే బతిమాలకు. ఉంగరాలప్పుడు ఒక్క అడుగు పక్కకి వేస్తానని మాత్రం చెప్పి ఒప్పించుకో. కోట ఆఫీసువాళ్లతో కూడా ముందే మాట్లాడు, ఇన్సూరెన్స్ కాగితం అడగొచ్చు. డ్రోన్ సంగతి మర్చిపో, అనుమతి లేకుండా అక్కడ ఎగరేస్తే పెళ్లి ఫొటోలు తియ్యడానికి నువ్వుండవు.

పెళ్లి నవంబరు రెండో వారం, శనివారం, మధ్యాహ్నం రెండింటికి అన్నావు. ఆ రోజుల్లో ఇక్కడ నాలుగు దాటగానే సూర్యుడు దిగిపోతాడు. జూన్‌లో అయితే రాత్రి పదింటిదాకా వెలుగే, కాళ్లు చాపుకుని పని చేసుకోవచ్చు. నీకు ఆ భాగ్యం లేదు. రెండున్నరకి పెళ్లయితే చేతిలో గంటన్నర, అందులో అరగంట కౌగిలింతలకే పోతుంది. కాబట్టి ఇద్దరూ ఒప్పుకుంటే జంట ఫొటోలు కొన్ని పెళ్లికి ముందే, ఒంటిగంట ప్రాంతంలో తీసేసుకో. నవంబరు ఎండ నడినెత్తికి రాదు, పక్కనుంచే వస్తుంది. మొహాలకి అంతకంటే మంచి వెలుగు లేదు. వాన పడితే ఏడవకు, తడిసిన రాళ్లు మెరుస్తాయి. తెల్లటివో, అవతలిది కనబడేవో రెండు గొడుగులు నీ దగ్గరే ఉంచుకో. వాళ్లు తెచ్చే గొడుగు మీద ఏదో బ్యాంకు పేరుంటుంది.

ఒంటిగంట అన్నాను కదా, అప్పుడు పిరంగి పేలుతుంది. 1861 నుంచి ఆదివారాలు, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ తప్ప రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక్కసారి పేలుస్తారు. సముద్రంలో ఓడలవాళ్లు గడియారాలు సరిచేసుకోవడానికి పెట్టింది. అంతకుముందు ఎదురుగా కాల్టన్ కొండ మీది స్తంభంపై ఒక బంతి కిందికి జారేది, పొగమంచులో అది కనబడక ఇది తెచ్చారు. టూరిస్టులందరూ పిరంగి వైపు ఫోన్లు పెట్టుకుని నిలబడతారు. నువ్వు దానికి వీపు పెట్టి పెళ్లివాళ్ల మొహాలు చూడు. ఒకసారి నేను అలాగే నిలబడ్డాను. పూలు పట్టుకుని ఒక నాలుగేళ్ల పిల్ల ఉంది. పిరంగి పేలగానే పూలు వదిలేసి రెండు చేతులతో చెవులు మూసుకుంది, తన చెవులు కాదు, పక్కనున్న కుక్కవి. ఆల్బం అట్ట మీద ఆ ఫొటోయే వేయించుకున్నారు వాళ్లు.

ఇక్కడి మగవాళ్లు పెళ్లికి కట్టే గళ్ల లంగా, కిల్ట్ గురించి. మన పంచెకి కుచ్చిళ్లు ముందు, దానికి వెనక. ముందు భాగం చదునుగా ఉండాలి, నడుము కింద వేలాడే తోలు సంచీ, స్పోరన్, సరిగ్గా మధ్యలోకి రావాలి. నడిచేసరికి అది పక్కకి జరుగుతుంది, ఫొటోకి ముందు చెప్పు. మేజోడులో చిన్న కత్తి పెట్టుకుంటారు, దాని పిడి దగ్గరగా ఒకటి తియ్యి. మెట్ల మీద మగవాళ్లుంటే నువ్వు కింది మెట్టు మీద కూర్చుని తియ్యకు. ఎందుకో నేను రాయనక్కర్లేదు.

వీళ్లు చేతులకి రిబ్బన్ కట్టించుకుంటారని చెప్పావు. మన కొంగుముడి లాంటిదే అనుకో, కొంగులకి బదులు చేతులు కడతారు. చేతులు వెనక్కి లాగగానే ముడి బిగుస్తుంది, అందరూ ముడినే చూస్తారు. నువ్వూ చూడు, కానీ ఆ వెంటనే మొహాల మీదికి పో. రెండు పిడుల గిన్నెలో, క్వెయిక్ అంటారు, విస్కీ తాగుతారు. తాగేటప్పుడు గిన్నె మొహానికి అడ్డం, వెండి మెరిసి కళ్లు కొడుతుంది. గిన్నె దించాక ఆ అమ్మాయి మొహం వికారంగా పెడుతుంది చూడు, అదీ ఫొటో.

సంతకాల దగ్గర జాగ్రత్త. ఇక్కడ పెళ్లికి రిజిస్ట్రార్ ఇచ్చే ఒక కాగితం ఉంటుంది, మ్యారేజ్ షెడ్యూల్ అంటారు. పెళ్లయిన వెంటనే జంట, ఇద్దరు సాక్షులు, పెళ్లి జరిపించినవాళ్లు సంతకం పెట్టాలి. మూడు రోజుల్లో అది తిరిగి రిజిస్ట్రార్‌కి చేరాలి. దాని మీద అడ్రసులు, పుట్టినరోజులు ఉంటాయి, చదవగలిగేలా ఫొటో తియ్యకు. పెన్ను పట్టుకున్న చెయ్యి, వంగిన భుజం చాలు. ఇంకో మాట, ఇద్దరే వచ్చి చేసుకునే పెళ్లిళ్లలో సాక్షులు తక్కువైతే ఫొటోగ్రాఫర్నే పిలుస్తారు. పదహారేళ్లు దాటి ఉంటే చాలు. నా సంతకం అలా మూడు కాగితాల మీద ఉంది. వాళ్లెవరో, ఇప్పుడెక్కడున్నారో.

గ్రూప్ ఫొటోలు 14 మందికి పది నిమిషాలు చాలు, పేర్ల లిస్టు ముందే తెప్పించుకుంటే. అమ్మాయి తల్లిదండ్రులు విడిపోయారా, నాన్నగారి రెండో భార్య వస్తోందా, ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టకూడదు, ఇవన్నీ పెళ్లికూతుర్ని ఫోన్లోనే అడిగెయ్. ఇక్కడ అలా అడిగితే తప్పు పట్టరు, అడగకపోతేనే ఇబ్బంది. చాపెల్ బయట మాన్స్ మెగ్ అనే పెద్ద పాత ఫిరంగి ఉంటుంది. ప్రతివాడూ జంటని దాని మీదికి వాల్చి తీస్తాడు. నువ్వు గోడ దగ్గరికి తీసుకెళ్లు, వెనక ఊరు, ఆ వెనక సముద్రపు పాయ కనబడతాయి. గాలికి వెయిల్ ఎగిరితే పట్టుకుని కూర్చోకండి, ఎగరనివ్వండి. రాళ్ల మీద హైహీల్స్ ఇరుక్కుంటాయి, పైకి వచ్చేదాకా మామూలు చెప్పులు వేసుకోమని ఆ అమ్మాయికి చెప్పు.

చివరిది, ఇది నా పరువు తీసిన విషయం. ఒక డిసెంబరులో చలిలో గంటసేపు తీసి, హీటర్ వేసిన భోజనాల గదిలోకి సరాసరి వెళ్లాను. లెన్సు మొత్తం ఆవిరి. తుడిస్తే మళ్లీ పట్టింది. పెళ్లికూతురి తండ్రి లేచి గ్లాసు ఎత్తి మాట్లాడుతున్నాడు, నా కెమెరాలో ఆయన నీళ్లలో మునిగిన మనిషిలా ఉన్నాడు. ఆ ప్రసంగం ఫొటో ఒక్కటీ లేదు. రెండో కెమెరా ముందే లోపలికి పంపి వెచ్చబడనివ్వు, ఇంత తేలిక దానికి.

గురువారం సాయంత్రం గ్లాస్గో నుంచి బయల్దేరి వచ్చెయ్, ఇంట్లోనే పడుకో. నా 35 లెన్సు ఇస్తాను, నీది ఎఫ్ 2.8 కదా, ఆ చీకటికి అది లాగే వెలుగు చాలదు. మెత్తటి అడుగున్న నల్ల బూట్లు తెచ్చుకో. పోయినసారి వేసుకొచ్చినవి మెట్ల మీద టకటకమన్నాయి, మీ మావయ్య ఇప్పటికీ అంటుంటారు.

ఇట్లు,
మీ అత్తయ్య